యాభై ఎనిమిదో అక్షరం

పళ్ళ డాక్టరు నోరు తెరవమన్నాడు. ముసలాయన తెరిచాడు. మళ్ళీ మూయలేదు.

ఆ తెల్లకోటు మనిషి డాక్టరే కాడని, అసలు డాక్టరు పక్కగదిలో చేతులు కట్టేసి, నోట్లో దూది కుక్కి ఉన్నాడని నర్సు కనిపెట్టడానికి పావుగంట పట్టింది. ఈలోగా వాడు తీరిగ్గా చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, వెయిటింగ్ రూములో కూర్చున్నవాళ్ళకి ఇంకో ఐదు నిమిషాలని చెప్పి మరీ మెట్లు దిగిపోయాడు. చచ్చిపోయిన ముసలాయన రిటైర్డ్ స్టెనోగ్రాఫర్. ఆస్తుల్లేవు, శత్రువుల్లేరు. ఉన్నదల్లా ఒక్క విద్య. ఎవరికీ అక్కర్లేని ఒక పాత షార్ట్‌హ్యాండ్ లిపిని పేపరు చదివినంత సులువుగా చదివేవాడు. నలభై రోజుల్లో అలా పోయిన స్టెనోల్లో ఆయన మూడోవాడు.

"ఆ లిపి పూర్తిగా వచ్చినవాళ్ళు ఇంక ఒక్కరే మిగిలారు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్. "మీ పిన్ని."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఇస్త్రీ అంటారు. కదిలే రైల్లోంచి దూకినా వాడి చొక్కా నలగదని ఆ పేరు. ఇప్పుడు కూడా చొక్కా నలగలేదు గానీ, కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఉదయం ఎనిమిదిన్నర. కిటికీ బయట ఎవరో కారు కడుక్కుంటున్నారు.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళ కిందట సరిహద్దు అవతలి నుంచి మనకి సమాచారం మోసినవాళ్ళ వాంగ్మూలాలన్నీ నలుగురు స్టెనోలు ఆ షార్ట్‌హ్యాండ్‌లో రాశారు. మొత్తం నలభై ఒక్క నోట్‌బుక్‌లు. వాటిలో పేర్లున్నవాళ్ళలో పదిహేడు మంది ఇంకా అవతలే ఉన్నారు. మనవల్ని ఎత్తుకుని, పెన్షన్ క్యూలో నిలబడి, మామూలు ముసలివాళ్ళలా బతుకుతున్నారు. పేర్లు బయటపడితే ఆ మనవలు కూడా మిగలరు.

"నోట్‌బుక్‌లు లాకర్లోనే ఉన్నాయిగా?"

"ఉన్నాయి. ప్రతి పేజీకీ ఫొటో తీసుకుపోయారు."

"ఎప్పుడు?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎనిమిది నెలలైంది."

ఎనిమిది నెలలు. ఆ నలుగురి ఇళ్ళ ముందు నలుగురు కానిస్టేబుళ్ళని కూర్చోబెట్టడానికి ఎనిమిది నిమిషాలు చాలు. కానీ కాపలా పెడితే ఎందుకని పైవాళ్ళు అడుగుతారు, అడిగితే దొంగతనం సంగతి చెప్పాలి, చెబితే చీఫ్ కుర్చీ కదులుతుంది. కాబట్టి మూడు ప్రాణాలు పోయాయి, కుర్చీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇలాంటి చోట పనిచేసి ఎవరికైనా ఒళ్ళు మండకపోతే వాడికి ఒళ్ళే లేదన్నమాట.

ఫొటోలు ఎత్తుకెళ్ళిన ముఠాకి వచ్చిన చిక్కు ఒక్కటే. ఆ లిపిలో పుస్తకాల్లో ఉండే అక్షరాలు యాభై ఏడు. యాభై ఎనిమిదోది ఆ నలుగురూ సొంతంగా కల్పించుకున్నది. చూడ్డానికి చిన్న కొక్కెంలా ఉంటుంది. మనిషి పేరు వచ్చినప్పుడల్లా ముందు కొక్కెం గీసి, తర్వాత అసలు గుర్తులతో పాటు చెత్త గుర్తులు కలిపి రాసేవాళ్ళు. కొక్కెం ఏడు పొడవుల్లో ఉంటుంది. ఏ పొడవుకి ఏ గుర్తులు ఉంచాలి, ఏవి పారెయ్యాలి అన్నది వాళ్ళ బుర్రల్లో తప్ప ఎక్కడా లేదు. మొదటి ముగ్గురినీ ముఠా మనుషులు అడిగారు. వాళ్ళు చెప్పలేదు. చెప్పనివాళ్ళని వదిలితే మనతో చెబుతారని చంపేశారు. నాలుగో మనిషి దగ్గర మాత్రం రూటు మార్చారు.

ప్రపంచంలో ఉన్న ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక నెంబరు ఇచ్చే అంతర్జాతీయ కమిటీ ఒకటుంది. నెంబరు పడితేనే కంప్యూటర్ దాన్ని అక్షరంగా ఒప్పుకుంటుంది. ఒకసారి పడ్డాక తీసెయ్యడం, మార్చడం ఉండదు. ఎవరో ఒక ప్రొఫెసర్ పూనుకుని ఆ పాత షార్ట్‌హ్యాండ్ యాభై ఏడు అక్షరాలకీ నెంబర్లు ఇప్పించాడు. ఈరోజు పదకొండింటికి చివరి అక్షరం కొక్కెం వంతు. పిన్ని కమిటీ ముందు కూర్చుని టాబ్లెట్ మీద దాన్ని గీసి, ఏ పొడవుకి ఏ గుర్తులో ఆ ఏడు విలువలూ పైకి చెబుతుంది. పక్కనే ప్రొఫెసర్ లాప్‌టాప్‌లో నలభై ఒక్క నోట్‌బుక్‌ల ఫొటోలు సిద్ధంగా ఉంటాయి. విలువలు అందగానే పేర్లన్నీ బయటికొస్తాయి. ఆ ప్రొఫెసరే ముఠా నాయకుడు.

పిన్ని ఎందుకు చెబుతుందన్నది ఇస్త్రీ అడగలేదు. వాడికి తెలుసు. మూడేళ్ళ కిందట ఆవిడే డిపార్ట్‌మెంట్‌కి అర్జీ పెట్టింది. మా నలుగురితో ఈ లిపి పోతుంది, ఉన్నప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించండి అని. చీఫ్ దాని మీద 'అవసరం లేదు' అని రాసి పంపాడు. నువ్వైనా చెప్పరా అని పిన్ని అడిగితే, ఆ పిచ్చిగీతలు ఇప్పుడెవరిక్కావాలి పిన్నీ అన్నాడు ఇస్త్రీ. తల్లి పోయాక వాడిని పెంచింది ఆ పిచ్చిగీతల జీతమే. ఆరోజు నుంచి ఆవిడ వాడితో మాట్లాడలేదు. అలాంటి మనిషి దగ్గరికి ప్రొఫెసర్ పూలగుత్తి పట్టుకెళ్ళి, మేడమ్, మీ అక్షరం బతకాలి అన్నాడు. నోట్‌బుక్‌లు లాకర్లో భద్రంగా ఉన్నంతకాలం కొక్కెం సంగతి చెప్పినా ఎవరికీ నష్టం లేదని ఆవిడ నమ్మకం. ఫొటోలు పోయాయని చెప్పిన మహానుభావుడు లేడు మరి.

రెండు రోజులుగా ఆవిడ ముఠా బుక్ చేసిన హోటల్లో ఉంది. ఫోన్ వాళ్ళ దగ్గరే ఉంది. కమిటీ బిల్డింగ్‌లోకి ఏ దేశపు పోలీసూ అడుగుపెట్టకూడదు. అందుకని ఇస్త్రీ మినిట్స్ రాసే గుమాస్తాగా లోపలికి వెళ్ళాలి. చీఫ్ డ్రాయర్లోంచి ఒక పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. ఒక చివర రాస్తుంది. రెండో చివర క్యాప్ తీసి నొక్కితే సూది. గుండెపోటులా కనిపిస్తుందట.

"ఎవరికి?" అన్నాడు ఇస్త్రీ. "ప్రొఫెసర్‌కా?"

"వాడు పోతే ఇంకొకడు వస్తాడు. విలువలు చెప్పేది ఒక్క మనిషే." చీఫ్ గొంతు మెత్తబడింది. "ముందు ఆపడానికి ప్రయత్నించు. ఆగకపోతే పదిహేడు మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపు."

ఇస్త్రీ పెన్ను తీసుకుని లేచాడు. తలుపు వెయ్యలేదు, విసిరాడు. నేమ్‌బోర్డు ఊడి కింద పడింది.

పది నలభైకి కమిటీ బిల్డింగ్ మూడో అంతస్తులో, అంటించిన మీసం, అరిగిన కోటు, చంకలో ఫైలుతో కాఫీ మెషీన్ ముందు నిలబడ్డాడు. చెవిలో గింజంత ఇయర్‌పీస్. ఒకావిడ వచ్చి పక్కన నిలబడింది. నల్లటి సిల్కు గౌను, మోచేతి దాకా గ్లవ్స్, నడుస్తుంటే కారిడార్లో ఉన్న మగాళ్ళందరి మెడలూ తిప్పించే అందం. ప్రొఫెసర్‌కి అక్షరాల ఫాంట్లు గీసిపెట్టే డిజైనర్. మన డిపార్ట్‌మెంట్‌కి కూడా సమాచారం అమ్ముతుందని ఫైల్లో ఉంది. ఎవరిని మోసం చేస్తోందో ఆవిడకే తెలియాలి.

"ఈ మెషీన్లో కాఫీ బాగోదట," అంది.

"టీ ఇంకా ఘోరం," అన్నాడు. కోడ్ కుదిరింది.

ఆవిడ కప్పులో చక్కెర కలుపుతూ చెప్పాల్సినవి గబగబా చెప్పింది. మీటింగ్ అయ్యాక మేడమ్‌ని హోటల్‌కి దింపడానికని ఒక కారు వచ్చింది, అది హోటల్‌కి వెళ్ళదు. డ్రైవర్ ఆ పళ్ళ డాక్టరు తెల్లకోటు వేసుకున్నవాడే. అక్షరాలు గీయమంటే గీశాను గానీ, మనుషుల్ని చంపుతారని నాతో ఒప్పందం లేదు.

"ఇప్పుడు మీరు ఎవరి వైపు?" అని అడిగాడు ఇస్త్రీ.

"పదకొండు దాటాక చెప్తాను," అని వెళ్ళిపోయింది. ఇలాంటి జవాబు విన్నాక ఎవరికి మాత్రం కోపం రాదు. వాడు కాఫీ సింకులో పారబోశాడు.

హాల్లో గుర్రపు లాడంలా వేసిన పొడుగు బల్ల. చుట్టూ ఇరవై మంది మెంబర్లు. పై కుర్చీలో రిజిస్ట్రార్, చేతిలో చిన్న చెక్క సుత్తి. పక్కన కాగితాలని తెర మీద చూపించే కెమెరా. ప్రతిపాదించే మనిషికి సరిగ్గా ఎదురుగా మినిట్స్ గుమాస్తా కుర్చీ. మధ్యలో మూడడుగుల బల్ల.

పిన్ని వచ్చి కూర్చుంది. తెల్లజుట్టు బిగించి కట్టుకుంది. ఉతికి ఆరేసిన గ్రే కోటు, జేబులో రెండువైపులా చెక్కిన పెన్సిల్. మొహంలో పెళ్ళికూతురి వెలుగు. ఇస్త్రీని ఒక్కసారి చూసింది. మీసాన్ని ఇంకోసారి చూసింది. గుర్తుపట్టింది. పెదవి బిగించి మొహం తిప్పేసుకుంది.

పది యాభై రెండు. రిజిస్ట్రార్ పాత తీర్మానాలు చదువుతున్నాడు. ఇస్త్రీ ప్యాడ్ మీద పెన్ను పెట్టాడు.

స్టెనోలకి ఒక అలవాటుంది. ఆఫీసరుకి ఎదురుగా కూర్చుని ముప్ఫై ఏళ్ళు రాస్తారు కాబట్టి, ఆఫీసరు ముందున్న కాగితాలన్నీ తలకిందులుగా చదివెయ్యడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ఎవరికి ప్రమోషన్, ఎవరికి మెమో, అన్నీ వాళ్ళకే ముందు తెలిసేవి. ఇస్త్రీకి తొమ్మిదేళ్ళప్పుడు పిన్ని ఈ షార్ట్‌హ్యాండ్ నేర్పబోయింది. స్కేలుతో వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. వచ్చింది సగం, అదీ వంకర. ఆ సగంతోనే ఇప్పుడు రాశాడు. ముగ్గురినీ చంపింది వీడే. నోట్‌బుక్‌ల ఫొటోలు వీడి దగ్గరున్నాయి. నువ్వు నోరు విప్పితే పదిహేడు మంది పోతారు. రాసి ప్యాడ్‌ని ఒక్క అంగుళం ముందుకి జరిపాడు.

పిన్ని చూపు కాగితం మీద పడింది. ముందు ఆ గీతలు చూసి చిరాకుగా నుదురు ముడిచింది. తర్వాత మొహంలో వెలుగంతా దిగిపోయింది. గ్లాసెత్తి నీళ్ళు తాగింది. సగం నీళ్ళు కోటు మీద ఒలికాయి. పక్కనున్న ప్రొఫెసర్ ప్రేమగా రుమాలు అందించాడు. ఆవిడ దాన్ని చూసిందే గానీ తీసుకోలేదు.

"ప్రతిపాదన చేస్తారా మేడమ్?" అన్నాడు రిజిస్ట్రార్.

పిన్ని టాబ్లెట్ దగ్గరికి లాక్కుని కొక్కెం గీసింది. అందంగా, ఒక్క ఊపులో. తెర మీద అది మనిషంత ఎత్తున కనిపించింది. "దీనికి ఏడు పొడవులు," అంది. "మొదటిదానికి విలువ చెప్తాను."

చెప్పేస్తోంది.

నిజం చెబుతోందా, అబద్ధమా? తెలుసుకునే దారి లేదు. ఆ ఏడు విలువలూ తెలిసిన మిగతా ముగ్గురూ మట్టిలో ఉన్నారు. జీవితమంతా ఎదురుచూసిన రోజు ఇది. మూడేళ్ళుగా వీళ్ళందరి మీదా మంట. ఆ మంటలో నిజమే చెప్పేస్తే? చెవిలో చీఫ్ గొంతు, "ఇప్పుడే. నొక్కు." ప్రొఫెసర్ పక్కన డిజైనర్ లాప్‌టాప్ మీద విలువలు టకటకా కొడుతోంది. రెండు. మూడు. పెన్ను వెనకవైపు క్యాప్ ఇస్త్రీ వేళ్ళలో సగం ఊడింది. బల్ల మీద పిన్ని ఎడమచెయ్యి, అందేంత దూరంలో. వాడికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి, స్కేలుతో కొట్టిన చెయ్యి.

"నొక్కవయ్యా," అన్నాడు చీఫ్.

ఇస్త్రీ క్యాప్ తిరిగి బిగించాడు. ఇయర్‌పీస్ పీకి నీళ్ళగ్లాసులో వేశాడు. పిన్ని ఏడో విలువ చెప్పి ఆపింది.

డిజైనర్ ఒక కీ నొక్కి, తెర వైపు చూసి, లాప్‌టాప్‌ని ప్రొఫెసర్ వైపు తిప్పింది. ఆయన మొహం ఇస్త్రీకి స్పష్టంగా కనిపిస్తోంది. ముందు నవ్వు పోయింది, తర్వాత రంగు పోయింది. పేర్లు రాలేదు. వచ్చినవి ఏ భాషలోనూ ఏ తల్లీ బిడ్డకి పెట్టని శబ్దాలు.

పిన్ని ఏడుకి ఏడూ అబద్ధం చెప్పింది.

"అభ్యంతరాలున్నాయా?" అని రిజిస్ట్రార్ సుత్తి పైకెత్తాడు. "ఒకటోసారి. రెండోసారి."

డిజైనర్ ప్రొఫెసర్ చెవిలో ఏదో అంది. ఇప్పుడు అడ్డుపడకపోతే ఈ తప్పుడు విలువలే శాశ్వతంగా ఉండిపోతాయని అందట, తర్వాత తెలిసింది. ప్రొఫెసర్ దిగ్గున లేచాడు. ఈ విలువలు తప్పని, మేడమ్ పెద్దావిడ కాబట్టి మర్చిపోయి ఉంటారని, మళ్ళీ అడగాలని అన్నాడు. తప్పని మీకెలా తెలుసు, ఈ అక్షరం వాడిన కాగితమేదైనా చూపండి, రూలు ప్రకారం రుజువుండాలి అన్నాడు రిజిస్ట్రార్. ప్రొఫెసర్ దగ్గర ఇలాంటి అవసరానికి ఒక ముక్క సిద్ధంగానే ఉంది. పేజీ అంచులు కత్తిరించి, పాత పుస్తకంలోది అనిపించేలా చేసిన చిన్న ముక్క. నమూనా పెట్టమని డిజైనర్‌కి సైగ చేశాడు.

ఆవిడ ఫైలు తెరిచి, వినయంగా, పూర్తి పేజీ ప్రింటు తీసి కెమెరా కింద పెట్టింది.

తెర మీద మొత్తం హాలుకి కనిపించింది. పైన డిపార్ట్‌మెంట్ ముద్ర, పక్కన ఎర్రటి స్టాంపులో 'అతి రహస్యం', కింద లాకర్ నెంబరు. ప్రొఫెసర్ కెమెరా మీద చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఇప్పుడు తెర నిండా ఆయన చెయ్యి కనిపించింది.

"సార్," అన్నాడు మినిట్స్ గుమాస్తా, పెన్ను పట్టుకుని. "ఏ నోట్‌బుక్, ఎన్నో పేజీ, ఎవరి దగ్గర తీసుకున్నారు? రాసుకోవాలి."

ప్రొఫెసర్ చెయ్యి వెనక్కి లాక్కుని లాప్‌టాప్ మూసేశాడు. దొంగసొత్తు రుజువుగా చెల్లదన్నాడు రిజిస్ట్రార్. మూడోసారి. అభ్యంతరం లేదు. సుత్తి పడింది. సరిగ్గా పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలకి ఒక తప్పుడు అక్షరం భూమ్మీద ఉన్న ప్రతి కంప్యూటర్లోకీ శాశ్వతంగా ప్రవేశించింది. బిల్డింగ్ గార్డులు ప్రొఫెసర్‌ని మర్యాదగా గేటు దాకా సాగనంపారు. గేటు అవతల నేల మనది. అక్కడ మర్యాదలుండవు. కారులో కూర్చుని ఎదురుచూస్తున్న డ్రైవర్ని అప్పటికే కాలర్ పట్టుకుని బయటికి లాగారు.

కారిడార్లో పిన్ని గోడకి ఆనుకుని నిలబడింది. మూడేళ్ళ తర్వాత నోరు విప్పింది.

"మీసం తీసెయ్. మీ నాన్నక్కూడా నప్పేది కాదు."

తీసేశాడు.

"'చంపింది' అని రాయడానికి అన్ని గీతలెందుకురా? ఒకటి చాలు. ఎన్నిసార్లు చెప్పాను నీకు." "ఆ పెన్ను నాకోసమేనా?"

"అవును పిన్నీ."

"నొక్కేవాడివా?"

"క్యాప్ పెట్టేశాను."

"అది జవాబు కాదు," అంది. ఆవిడ వాడి చెయ్యి పట్టుకోకుండానే మెట్లు దిగింది, కానీ వాడు పక్కన నడుస్తుంటే వద్దనలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మూడు వారాలకి ఎక్కడి నుంచో ఒక పండితుడు కమిటీకి లేఖ రాశాడు. కొక్కెం విలువలు పొసగడం లేదు, ప్రతిపాదించినావిడకి అసలు ఈ లిపి వచ్చా అని. కమిటీ దాన్ని అందరూ చదివేలా పెట్టి, కాపీ పిన్నికి పంపింది. ఆ మర్నాడు పొద్దున్నే చీఫ్ స్వయంగా, ఇస్త్రీని వెంటబెట్టుకుని పిన్ని ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని విషయం చెప్పాడు. ప్రొఫెసర్ దొరికాడు గానీ, వాడి ముఠాకి డబ్బిచ్చి ఈ పని చేయించినవాళ్ళు దొరకలేదు. ఫొటోలు వాళ్ళ దగ్గరా ఉన్నాయి. ఆ లేఖ వాళ్ళే రాయించి ఉండొచ్చు. మేడమ్ అబద్ధం చెప్పిందని వాళ్ళు అనుకుంటే, ఆవిడకోసం మళ్ళీ వస్తారు. వచ్చి నిజం రాబడతారు. మేడమ్‌కి లిపి రాదని నమ్మితే మాత్రం, తెలిసిన ముగ్గురినీ తమ చేతులతోనే చంపుకున్నామని తల బాదుకుని ఊరుకుంటారు. కాబట్టి మేడమ్ ఒక జవాబు రాయాలి.

"ఏమని?" అంది పిన్ని.

చీఫ్ నేల చూశాడు. "రాదని."

గోడ మీద ఆవిడ సర్టిఫికెట్లు వరసగా వేలాడుతున్నాయి. నిమిషానికి నూట ఎనభై మాటలు. మూడేళ్ళు వరసగా ప్రథమ బహుమతి.

"ఇరవయ్యో ఏట నేర్చుకున్నాను," అంది పిన్ని. "ఇంకో విద్య నేర్చుకోలేదు. నాకున్నది ఇదొక్కటే. అది రాదని నా చేత్తో, ప్రపంచమంతా చూసేలా రాయమంటున్నారు."

"పదిహేడు మంది మేడమ్."

"నాకు అంకెలు చెప్పకండి." ఆవిడ బల్ల మీద కొట్టిన దెబ్బకి కప్పులు ఎగిరాయి. "వాళ్ళ పేర్లు రాసింది నేను. ఒకావిడ చెబుతున్నంతసేపూ ఎక్కిళ్ళు పెట్టింది, నేనే నీళ్ళిచ్చాను. ఒకాయన చెప్పడం అయ్యాక ఆ పెన్సిల్ ఒకసారి పట్టుకోవచ్చా అన్నాడు. వాళ్ళు మీకు అంకె. నాకు మనుషులు."

లేచి కాగితం తెచ్చుకుంది. ఇస్త్రీ ఏదో అనబోతే కళ్ళతోనే ఆపింది. మామూలు అక్షరాల్లో, అందరికీ అర్థమయ్యేలా రాసింది. అయ్యా, మీ అనుమానం నిజమే. నాకు ఆ లిపి సరిగ్గా రాదు. వచ్చినవాళ్ళు పోయారు. వాళ్ళ దగ్గర విన్నది ఏదో గుర్తున్నంతవరకు చెప్పాను. క్షమించాలి. ఆ చివరి మాట దగ్గర కలం పాళీ కాగితాన్ని చీల్చుకుని కిందున్న బల్ల దాకా దిగింది. ఇంకో కాగితం తీసుకోలేదు. ఆ చిరుగుతోనే సంతకం పెట్టి, కవర్లో పెట్టి, అంటించని స్టాంపుతో సహా చీఫ్ ముందుకి తోసింది.

చీఫ్ లేచి నిలబడ్డాడు. దేశం మీకు రుణపడి ఉంటుందని, చరిత్ర ఈ త్యాగాన్ని మరువదని మొదలుపెట్టాడు.

"అది తర్వాత చెబుదురుగాని," అంది పిన్ని. "ముందు ఆ స్టాంపు నాలుకతో తడిపి అంటించండి. ముప్ఫై ఏళ్ళలో మీ నాలుక ఒక పనికొచ్చే పని చేసినట్టవుతుంది."